గొట్టింగెన్ అప్పగింతలు

జర్మనీలోని గొట్టింగెన్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఊరు వదిలేముందు ఒక పని చెయ్యాలి. పాత టౌన్‌హాలు ముందున్న ఫౌంటెన్ ఎక్కి, దాని మధ్య బాతులు పట్టుకుని నిలబడ్డ కంచు పిల్లకు ముద్దు పెట్టాలి. రూలేం కాదు, ఆనవాయితీ. స్నేహితులు చిన్న చెక్కబండిని బెలూన్లతో, కాగితం పూలతో సింగారించి, కొత్త డాక్టరుగారిని అందులో కూర్చోబెట్టి ఊరి మధ్యలోంచి లాక్కొస్తారు. తలమీద అట్టతో చేసిన నల్ల టోపీ ఉంటుంది. దేనిమీద పరిశోధన చేశారో ఆ సరంజామా అంతా ఆ టోపీకి అతికిస్తారు. సెప్టెంబరు చివర్లో నేను చూసిన టోపీమీద ఉన్నితో అల్లిన వానపాములు, ఒక బంగాళాదుంప, చెంచాడు మట్టి పోసిన గాజుసీసా ఉన్నాయి. మా వ్యవసాయ ఫ్యాకల్టీ మనిషేనన్నమాట. ఆవిడ తడిరాయి మీద జాగ్రత్తగా అడుగేసి పైకెక్కి, ముద్దుపెట్టి, వెంట తెచ్చిన పూలగుత్తిని విగ్రహం చుట్టూ ఉన్న ఇనపతీగల పందిట్లో గుచ్చి దిగింది. ఎదుట ఐస్‌క్రీం తింటున్నవాళ్లు కప్పులు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

ఆ కంచు పిల్లను గెన్సెలీజెల్ అంటారు. 1901లో పెట్టారు. కుర్రాళ్ల అల్లరి మితిమీరిందని 1926లో ముద్దును నిషేధించారు కూడా. నిషేధం కాగితం మీద ఉండిపోయింది, ముద్దులు ఆగలేదు. ఇప్పుడు చౌక్‌లో ఉన్నది నకలే, అసలు విగ్రహం ఊరి మ్యూజియంలో ఉంది.

నాది మాస్టర్స్ డిగ్రీ, కాబట్టి ఫౌంటెన్ ఎక్కే హక్కు లేదు. మాలాంటివాళ్లకు మిగిలేవి కాగితాలు. జర్మనీలో ఏ ఊళ్లో దిగినా టౌన్‌హాల్లో పేరు రాయించుకోవాలి, దేశం వదిలేటప్పుడు ఆ పేరు తీయించుకోవాలి. తర్వాత ఆరోగ్య బీమా, బ్యాంకు, టీవీ లేకపోయినా ఇంటికింతని నెలకు 18.36 యూరోలు కట్టాల్సిన ప్రసార చందా. అన్నిటికీ ఉత్తరాలు రాయాలి. అవును, ఉత్తరాలే. ఇన్ని కార్లు తయారుచేసే దేశం ఇంకా పోస్టుడబ్బా మీద ఇంత నమ్మకం పెట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతే.

కొత్త టౌన్‌హాలు ఉన్న చోటుకు హిరోషిమా ప్లాట్స్ అని పేరు. వీసా పనుల కంగారులో ఆ బోర్డు పక్కనుంచి ఎన్నోసార్లు పరిగెత్తాను, ఈసారి తీరిగ్గా నిలబడి చదివాను. 1957లో ఓటో హాన్, మాక్స్ బోర్న్, హైజెన్‌బర్గ్ వగైరా 18 మంది శాస్త్రవేత్తలు పశ్చిమ జర్మనీ సైన్యానికి అణ్వాయుధాలు వద్దని బహిరంగంగా ప్రకటించారు. ఆ ప్రకటనను గొట్టింగెన్ పేరుతోనే పిలుస్తారు. యురేనియం పరమాణువు చీలుతుందని కనిపెట్టినవాళ్లలో ఒకడైన హాన్‌ను ఈ ఊళ్లోనే పూడ్చిపెట్టారు. హిరోషిమా పేరు ఆ చోటికి ఊరికే రాలేదనిపించింది. లోపల కౌంటర్లో ఉన్నావిడ 'ఏ దేశానికి?' అని అడిగి, టైపు చేసి, సీలేసి కాగితం చేతిలో పెట్టింది. అంతటితో నేను ఊళ్లో లేనట్టు లెక్క, పెట్టెలు మాత్రం ఇంకా గదిలోనే ఉన్నాయి.

పెట్టెలు సర్దుతూ, దేన్ని వదల్లేకపోతున్నానా అని చూసుకున్నాను. చర్చి గోపురాలు కావు, కోటగోడ కట్ట మీది చెట్ల నీడ కూడా కాదు. వంటింటి కుళాయి. గ్లాసు కింద పెట్టి, తిప్పి, తాగడమే. హార్జ్ కొండల్లో కురిసిన వాన జలాశయంలో నిలిచి, గొట్టాల్లో నడిచి, నాలుగో అంతస్తులో ఉన్న నా గ్లాసులో పడేది. మా ఇంట్లో వారానికి ఇన్నని ఇరవై లీటర్ల క్యాన్లు దిగుతాయి. క్యాను తెచ్చే అబ్బాయికి జ్వరమొస్తే ఇల్లంతా తల్లకిందులవుతుంది. నేను చదివిన బాపట్లలో హాస్టల్ నీళ్ల ఉప్పదనం నాలిక మీద ఇంకా ఉంది. వచ్చిన కొత్తలో వీడియో కాల్లో అమ్మ చూస్తుండగా కుళాయి నీళ్లు తాగితే, 'కాచి తాగవే' అని అరిచింది. ఆమె భయం ఆమెది. నాలుగైదు తరాలు ఏ రోగం రాకుండా తాగితేగానీ కుళాయి మీద నమ్మకం కుదరదు.

ఇంకోటి రాత్రి. లైబ్రరీ బాగా పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుంది. థీసిస్ రాసిన శీతాకాలమంతా పదకొండు దాటాకే సైకిలెక్కేదాన్ని. ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు లేకపోతే పోలీసులు ఆపి జరిమానా వేస్తారు. ఆ ఊళ్లో రాత్రిపూట నాకున్న పోలీసు భయం అదొక్కటే. చలికాలం మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా. అంటే నేను బయల్దేరే వేళకు మా ఇంట్లో మూడున్నర. అమ్మ అలారం పెట్టుకుని లేచి, 'చేరావా?' అని మెసేజ్ పెట్టేది. చేరాను అంటే మళ్లీ పడుకునేది, కానీ ఆ నిద్ర ఇక పట్టేది కాదని నాన్న తర్వాత చెప్పాడు. కొన్నాళ్లకు మెసేజ్‌లు పల్చబడ్డాయి. క్రిస్మస్ దాటాక పూర్తిగా ఆగిపోయాయి. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ ఊరు మాకు చేసిన మేళ్లలో అమ్మకు తిరిగొచ్చిన ఆ నిద్రను నేను మొదట లెక్కపెడతాను.

దీనికి కారణం జర్మన్ల మంచితనమని మాత్రం అనను. శుక్రవారం రాత్రి తాగి రోడ్డు మధ్య పాటలు పాడే మూకలు అక్కడా ఉన్నారు. 'ఎక్కడినుంచి వచ్చావు?' అన్న ప్రశ్నలో పలకరింపు ఎంతో, వెళ్లగొట్టే చూపు ఎంతో గొంతును బట్టి తెలుస్తూనే ఉంటుంది. నన్ను కాపాడినవి మామూలు సంగతులు. వెలిగే వీధిదీపం, రాసిన టైముకు వచ్చే ఆఖరి బస్సు, నా ముందూ వెనకా సైకిళ్ల మీద ఇళ్లకు పోతున్న మరికొందరు ఆడవాళ్లు. ఇందులో మన ఊళ్లలో కుదరనిది ఒక్కటీ లేదు.

ఆదివారాల మీద మాత్రం మొదట్లో మండిపడ్డాను. కొట్లన్నీ మూత. ఉప్పు అయిపోతే సోమవారం దాకా ఉప్పులేని కూరే. తర్వాత శనివారం సాయంత్రమే సంచీ నింపుకోవడం అలవాటైంది. కొట్లో బిల్లు కొట్టే అమ్మాయి కూడా ఆదివారం తన పిల్లలతో పార్కులో కనిపిస్తుందని అర్థమయ్యాక కోపం పోయింది. శనివారం మా దారి టర్కీ కొట్టు. లేత వంకాయలు, బెండకాయలు, కట్టలుగా కొత్తిమీర, ముఖ్యంగా బకెట్లో పెరుగు, చిక్కగా, పది శాతం వెన్నతో. జర్మనీలో తెలుగువాళ్లను బతికిస్తున్నది టర్కీవాళ్ల పెరుగే అంటే అతిశయోక్తి కాదు. కొట్టాయన కరివేపాకు ఎప్పుడూ తెప్పించడు, అడగడం మేమూ మానలేదు.

అదే వీధిలో, చెత్తడబ్బాల పక్కన ఖాళీ సీసాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ప్లాస్టిక్ సీసా వెనక్కిస్తే 25 సెంట్లు, బీరుసీసాకు 8. తిరిగివ్వడానికి తీరిక లేనివాళ్లు డబ్బాలో పడెయ్యకుండా పక్కన పెడతారు, ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టక్కర్లేకుండా. పాత కోటు వేసుకున్న ఒక పెద్దాయన టార్చిలైటుతో వచ్చేవాడు. సీసా అడుగు చూసి, మూత బిగించి, సంచీలో చప్పుడు కాకుండా దించేవాడు. ఇంత సంపన్న దేశంలో డెబ్బై దాటిన మనిషి సీసాలు ఏరుకోవడమేమిటన్నది ఒకటి. సీసాను పక్కన పెట్టిన ఆ చెయ్యి ఇంకొకటి. రెండూ ఒకే వీధిలో ఉన్నాయి, ఒకదానికోసం రెండోదాన్ని చూడనట్టు నటించలేను.

మా కోర్సును గొట్టింగెన్, కాసెల్ విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. కాసెల్ వాళ్ల వ్యవసాయ క్యాంపస్ విట్సెన్‌హౌజెన్ అనే చిన్న ఊళ్లో ఉంది. వెర్రా నది ఒడ్డున, చుట్టూ చెర్రీ తోటలు. రైలెక్కితే ఎంతో దూరం లేదు. ఆఖరి వారంలో ఒకరోజు అక్కడికీ వెళ్లొచ్చాను. పని ఏమీ లేదు, గాజు తోటను ఒకసారి చూసుకోవడానికంతే. కాఫీ, కోకో, అరటి లాంటి ఉష్ణమండలపు పంటలన్నీ అద్దాల కప్పు కింద పెంచుతున్నారు. జనవరిలో బయట మంచు తొక్కుకుంటూ వచ్చి ఆ తలుపు తీస్తే, కళ్లజోడు ఒక్కసారి మసకబారి, తడి ఆకుల వాసన ముక్కుకు తగులుతుంది. కొల్లిపర దగ్గర కృష్ణ లంకల్లో అరటితోటలోకి తెల్లారకముందే దిగితే వచ్చే వాసన. పరీక్షల ముందు ఇంటిమీద బెంగ పట్టినప్పుడల్లా అరటిచెట్టు కింద బల్లమీద కూర్చుని చదువుకునేదాన్ని. తోటమాలి చూసి చూడనట్టు పోయేవాడు, ఒకసారి మాత్రం నా పుస్తకం తడవకుండా నీళ్లగొట్టాన్ని అటు తిప్పాడు.

ఆ గాజు తోట పుట్టుక అంత అందమైనది కాదు. 1898లో అక్కడ పెట్టింది వలసల బడి. ఆఫ్రికా లాంటి చోట్లకు పోయి తోటలు వేసి పెత్తనం చేసే కుర్రాళ్లను తయారుచెయ్యడానికి పెట్టారు. ఏ నేలలనైతే ఏలడానికి ఆ చదువు మొదలైందో, ఆ నేలల పిల్లలు ఇప్పుడు వచ్చి అదే ఊళ్లో సేంద్రియ వ్యవసాయం చదువుతున్నారు. కృతజ్ఞత చెప్పేటప్పుడు కళ్లు మూసుకుని చెప్పక్కర్లేదు. నాకు చలికాలంలో నీడనిచ్చిన అరటిచెట్టుకు దణ్ణం పెట్టాను, ఆ బడి పెట్టినవాళ్లకు పెట్టలేదు.

తిరుగుదారిలో వెర్రా మీది వంతెన దాటుతుంటే ఇంకో వీడ్కోలు గుర్తొచ్చింది. 1837లో హానోవర్‌కు కొత్తగా రాజైన ఎర్నెస్ట్ ఆగస్ట్, నాలుగేళ్ల కిందటే వచ్చిన రాజ్యాంగాన్ని రద్దుచేశాడు. గొట్టింగెన్ ప్రొఫెసర్లు ఏడుగురు, మేం ప్రమాణం చేసింది ఆ రాజ్యాంగానికి, దాన్ని వదలం అని రాతపూర్వకంగా నిరసన తెలిపారు. వాళ్లలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులిద్దరూ ఉన్నారు. ఏడుగురినీ ఉద్యోగాల్లోంచి తీసేశారు. యాకోబ్ గ్రిమ్, దాల్మన్, గెర్వినుస్ ముగ్గురినీ మూడు రోజుల్లో రాజ్యం దాటిపొమ్మన్నారు. అప్పట్లో విట్సెన్‌హౌజెన్ పక్క రాజ్యం హెస్సేలో ఉండేది. విద్యార్థులు పెద్ద గుంపుగా వాళ్లను అక్కడిదాకా సాగనంపారు. డిసెంబరు చలిలో, ఆ దారిలో. మేం పాఠాలకోసం చెవుల్లో పాటలు పెట్టుకుని రైల్లో కునికిపాట్లు పడుతూ పోయే దారి అది.

ఈ ఊరు చూసిన వీడ్కోళ్లలో అన్నిటికంటే చెడ్డవి 1933లో జరిగాయి. యూదులైనందుకు మాక్స్ బోర్న్, రిచర్డ్ కూరాంట్, ఎమ్మీ నోయ్‌తర్ కొలువులు పోయాయి. అప్పటిదాకా గణితానికీ భౌతికశాస్త్రానికీ ప్రపంచమంతా ఈ ఊరివైపు చూసింది, ఆ చూపు నెలల్లో మళ్లిపోయింది. నోయ్‌తర్‌ను పాఠాలు చెప్పొద్దంటే కొన్నాళ్లు ఇంట్లోనే విద్యార్థులకు చెప్పింది. తర్వాత అమెరికా వెళ్లింది, రెండేళ్లకే పోయింది. బోర్న్ ఇంగ్లండ్ చేరాడు. 1935లో సి.వి. రామన్ పిలిస్తే బెంగళూరు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కొన్ని నెలలున్నాడు. ముసలితనంలో జర్మనీకి తిరిగొచ్చి, 1970లో గొట్టింగెన్‌లోనే కన్నుమూశాడు. ఊరి శ్మశానంలో ఆయన సమాధిరాయి మీద పేరుతోపాటు క్వాంటం సమీకరణం చెక్కి ఉంది. నేను వెళ్లిన రోజున రాతిమీద రాలిన ఆకులు తప్ప పూలేం లేవు. మార్కెట్లో కొన్న డేలియాలు రెండు పెట్టాను. గెన్సెలీజెల్‌కు పెట్టడానికి అర్హత లేకపోయినా ఇక్కడ అడిగేవాళ్లు లేరు.

ఉండిపోవాల్సి వచ్చినవాళ్లూ ఉన్నారు. చైనా నుంచి జీ షియాన్‌లిన్ అనే కుర్రాడు 1935లో రెండేళ్ల స్కాలర్‌షిప్ మీద వచ్చి, ఇక్కడ సంస్కృతం చదివాడు. సంస్కృతానికి గొట్టింగెన్ చిన్న ఊరేం కాదు. పుణె దక్కన్ కాలేజీలో పనిచేసి, పతంజలి మహాభాష్యాన్ని పరిష్కరించిన కీల్‌హార్న్ పాఠాలు చెప్పింది ఇక్కడే. జీ చదువు అయ్యేలోపు యుద్ధం వచ్చింది. దారులు మూసుకుపోయాయి. రెండేళ్లనుకున్నది పదేళ్లయింది. ఆకలితో, బాంబుల మధ్య, ఇంటినుంచి ఉత్తరం ముక్క లేకుండా గడిపి 1945లో కదిలాడు. తర్వాత వాల్మీకి రామాయణాన్ని చైనా భాషలోకి అనువదించాడు. 2008లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. వీళ్ల సంగతులు తెలిశాక నా ప్రయాణాన్ని బాధ అనడానికి నోరు రాలేదు. నా టికెట్టు నేనే కొనుక్కున్నాను, తేదీ నేనే ఎంచుకున్నాను. చేరేసరికి ఇంట్లో అందరూ ఉంటారు. బెంగ ఉంది, కాదనను. కానీ సొంత ఇష్టంతో, పగటిపూట, పెద్ద పెట్టెలు రెండు వేసుకుని ఊరు వదలడం అందరికీ దక్కలేదు.

గది అప్పగింత రోజున, భవనం బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ జాబితా పట్టుకుని వచ్చాడు. కిటికీ తీసి వేశాడు, ఫ్రిజ్‌లో మంచు కరిగిందో లేదో చూశాడు, స్టవ్ వెనక వేలు పెట్టి రాసి వేలిని వెలుతురులో పరీక్షించాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత నిశితంగా చూడరు. వేలికి నూనె అంటలేదు, ఎందుకంటే ముందురోజు రాత్రంతా తోమింది నేనూ, పక్కగది హనోయ్ అమ్మాయీ. సంతకం పెట్టి, తాళంచెవి తీసుకుని, ప్రయాణం బాగా జరగాలన్నాడు. అక్కడ వెళ్లిపోయేవాళ్లు మిగిలిన సామాను అట్టపెట్టెలో వేసి, ఊరికే తీసుకెళ్లొచ్చని రాసి, గుమ్మం బయట పెడతారు. నా టేబుల్ లైటు అలా పెట్టెలోంచి వచ్చిందే, అలాగే పెట్టెలోకి వెళ్లింది. సాయంత్రానికి పెట్టె ఖాళీ.

కుక్కర్ మాత్రం పెట్టెలో పెట్టలేదు. దాని కథ వేరు. అయిదు లీటర్ల అల్యూమినియం కుక్కర్, మూత బయటనుంచి బిగించే రకం. ఎప్పుడు ఎవరు తెచ్చారో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. నాకిచ్చిన వరంగల్ అక్కకు ఒక విజయవాడ అన్న ఇచ్చాడట, ఆయనకు ఇంకెవరో. తిరగేస్తే అడుగున నల్లటి మసి చుట్టూ మేకుతో గీసిన తెలుగు అక్షరాలుంటాయి. ఒక 'ర', ఒక 'సు', ఒక 'మా', అరిగిపోయి 'వ'నో 'ప'నో తెలియనిది ఒకటి. పిడి విరిగితే ఎవరో సైకిల్ హ్యాండిల్ టేపు చుట్టారు. దాని విజిల్‌కు మొదట మా ఫ్లాట్లో జర్మన్ అబ్బాయి ఉలిక్కిపడి గదిలోంచి ఊడిపడ్డాడు. రాత్రి పది తర్వాత విజిల్ పడకూడదని ఒప్పందం రాసుకుని ఫ్రిజ్‌కు అంటించాం. ఏడాది తిరిగేసరికి, నేను ఫోన్లో మునిగిపోయి ఉంటే అతనే వచ్చి, 'మూడయ్యాయి, పప్పు దించు' అనేవాడు.

కొత్త సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. కర్నూలు కుర్రాడు ఒకడు రెండు రోజుల ముందే దిగాడు. వాళ్లమ్మ పెట్టిన కందిపప్పు, కారం, గోంగూర పచ్చడి పెట్టెలో ఉన్నాయి, వండుకోవడానికి గిన్నె లేదు. కుక్కర్ చేతిలో పెడితే తిప్పి చూసి, 'ఇది మనకంటే సీనియర్ కదక్కా' అన్నాడు. డబ్బులెంత అని అడిగాడు. ఇది అమ్మకానికి కాదు, నువ్వు వెళ్లేటప్పుడు ఇంకొకరికివ్వాలి, అంతవరకు రోజూ తోమి పెట్టుకో అని చెప్పాను. మేకు తెచ్చుకుని 'ర' పక్కన నా అక్షరం కూడా గీశాను. వాడు ఆ రాత్రే పప్పు పెట్టి ఫోటో పంపాడు. మూత పక్కనుంచి ఆవిరి పోతోందట.

గ్యాస్కెట్ వదులైపోయింది, అది నాకు తెలిసిందే. కాబట్టి మీ ఎరుకలో ఎవరైనా పిల్లలు ఏప్రిల్‌లోగానీ అక్టోబర్‌లోగానీ గొట్టింగెన్ వెళ్తుంటే, అయిదు లీటర్ల కుక్కర్‌కు పట్టే గ్యాస్కెట్లు రెండు పెట్టెలో వెయ్యమనండి. ఆ సైజు అక్కడి కొట్లలో దొరకదు. ఎవరికివ్వాలని కంగారు పడక్కర్లేదు, శనివారం పొద్దున టర్కీ కొట్టు దగ్గర పెరుగు బకెట్ల ముందు నిలబడ్డ తెలుగువాళ్లను అడిగితే కుక్కర్ ఎవరి గదిలో ఉందో చెబుతారు.